బాకాల గదిలో ఊకొట్టు బాబాయి

పోయినవారం మనం కొట్టు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేసరికి లోపల గోడకి ఒక ఖాళీ కొంకీ ఊగుతోంది, దాని కింద సూదమ్మ నోరు వెళ్ళబెట్టి నిలబడి ఉంది. ఆ కొంకీకి వేలాడాల్సింది ఊకొట్టు బాబాయి కోటు. అది మాయమైంది. కొత్తగా వచ్చినవాళ్ళు కంగారు పడక్కర్లేదు. ఇలా వచ్చి కూర్చోండి, అన్నీ చెప్పుకుందాం, సూదమ్మ ఎలాగూ ఎక్కడికీ పోలేదు.

అది నాటకాలకీ ఫొటోలకీ డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టు. రాజుగారి అంగీ నుంచి దెయ్యం జుట్టు దాకా అక్కడ దొరకనిది లేదు. కొట్టు సూదమ్మ వాళ్ళక్కది. చిరిగినవి కుట్టడం, ఊడినవి అతకడం సూదమ్మ పని. నలభై దాటిన మనిషి, చేతిలో సూది లేకపోతే ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వెనక గది బావది. బ్యాండువాళ్ళ బాకాలకి పడ్డ సొట్టలు తీస్తాడు. అక్కకీ బావకీ మాటల్లేవు. ఏళ్ళ తరబడి లేవు. ఆ ఇద్దరి మధ్య తిరిగే నోరు సూదమ్మది.

పోయినవారం ఇంకోటి కూడా జరిగింది. ఎదురుగా హాల్లో దిగిన నాటకాల కంపెనీలో లైట్లు వేసే ఆయన ఉన్నాడు, ఏటా వచ్చే మనిషే. కొట్టులో మాడిపోయిన బల్బు మారుస్తూ మారుస్తూ, కిందికి చూడకుండా, బల్బుతో చెప్తున్నట్టు, “ఆదివారం మా బండి వెళ్ళిపోతుంది సూదమ్మగారూ. మీరు కూడా వస్తే బావుంటుంది. ఉండిపోడానికి,” అన్నాడు. సూది వేలికి గుచ్చుకుంది. ఆదివారం చెప్తానంది సూదమ్మ. ఆ మర్నాడే కోటు పోయింది.

ఇవాళ ఆదివారం.

ఊకొట్టు బాబాయి ఎవరో తెలియనివాళ్ళు ఆ వీధిలో లేరు, పక్క వీధిలోనూ లేరు. ఆయన పుస్తకాల్లో డిటెక్టివ్. తుప్పు రంగు వానకోటు, చంకలో టీ ఫ్లాస్కు. తుపాకీ లేదు, భూతద్దం లేదు. అన్నిటికన్నా వింత, ఆయన ఎవరినీ ఒక్క ప్రశ్న అడగడు. అనుమానం ఉన్నవాడి ఎదురుగా వెళ్ళి కూర్చుంటాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటాడు. “ఊఁ,” అంటాడు. అంతే. ఎదుటివాడు ఎండల గురించి మొదలుపెడతాడు, ధరల్లోకి వెళ్తాడు, మోకాళ్ళ నొప్పుల్లోకి దిగుతాడు, బాబాయి ఊకొడుతూనే ఉంటాడు, టీ చల్లారేలోపు వాడు శవాన్ని ఎక్కడ పూడ్చాడో దారి గుర్తులతో సహా చెప్పేస్తాడు. ఆ పుస్తకాలు రాసినాయన పోయి చాలా కాలమైంది. అట్టలు ఊడి, అక్షరాలు అలుక్కుపోయిన ఆ పుస్తకాల్నే జనం ఇప్పటికీ బస్సుల్లో, ఆసుపత్రి బెంచీల మీద, పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోకుండా చదువుతూ ఉంటారు.

ఇక ఆయన వేషం కోసం కొట్టులో ఉంచిన కోటు సంగతి. తొడుక్కున్నవాళ్ళు ఊఁ తప్ప ఇంకో మాట అనకూడదు, తిరిగిచ్చేటప్పుడు ఏం విన్నారో చెప్పి వెళ్ళాలి, ఇది అక్క పెట్టిన షరతు. ఓ పెద్ద టీచరమ్మ దాన్ని తొడుక్కుని క్లాసులో కూర్చుంటే కిటికీ అద్దం పగలగొట్టినవాడే కాదు, వచ్చే నెల పగలగొడదామనుకున్నవాడు కూడా లేచి ఒప్పేసుకున్నాడట. పళ్ళు పీకే ఆయన తొడుక్కుంటే, కుర్చీలో పడుకున్న మనిషి తెరిచిన నోరు మూయకుండా కాపురం కష్టాలన్నీ చెప్పుకుని, పన్ను అలాగే ఉంచుకుని, నొప్పి మాత్రం అక్కడ వదిలేసి పోయాడట. ఓ లారీ డ్రైవరు తొడుక్కుని ఇంటికి వెళ్తే ఎదురింటి కుక్క ఎన్నడో ఎత్తుకెళ్ళిన చెప్పు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి తల దించుకుందట. ఇది మాత్రం సూదమ్మ కళ్ళారా చూసింది. చెప్పుని. కుక్కని చూడలేదు.

ఓ ఇల్లాలైతే ఏటా తన పుట్టినరోజుకి వచ్చి కోటు పట్టుకెళ్ళి మొగుడికి తొడిగి కూర్చోబెట్టుకుంటుంది. “నగలెందుకండీ, సంవత్సరానికి ఒక్క పూట ఈ మనిషి నోరు మూసుకుని వింటే చాలు,” అంటుంది.

అలాంటి కోటు పోయింది.

పొద్దున్నుంచీ ఎదురుగా హాలు ముందు నాటకాలవాళ్ళు బండికి సామాను ఎత్తుతున్నారు. రాజభవనం గోడ ఒకటి, అడవి ఒకటి, మడత పెట్టిన సముద్రం ఒకటి వరసగా వెళ్ళి బండిలో కూర్చున్నాయి. లైట్లాయన తీగలు చుట్టుకుంటూ మధ్య మధ్యలో కొట్టువైపు చూస్తున్నాడు. సూదమ్మ చూడనట్టు చూస్తోంది.

అక్క మాత్రం టోపీల దుమ్ము దులుపుతూ కూనిరాగం తీస్తోంది.

“అక్కా, కోటు సంగతి ఏం చేద్దాం?”

“ఏం చేస్తాం. పోతే పోయింది. కోటేగా.”

సూదమ్మ చేతిలో కుడుతున్న సైనికుడి లాగు జారిపోయింది. కిరీటంలో ఒక్క గాజు రాయి ఊడితే వీధి మొత్తం ఊడ్పించి, చెత్తబండిని ఆపి వెతికించిన మనిషి ఈవిడ. కోటేగా అంటోందా?

“నీకు ఒంట్లో బాలేదా?”

“నాకేం, రాయిలా ఉన్నాను. నువ్వే మూడు పూటల్నించీ ఆ సైనికుడి ఎడమ కాలు కుట్టిందే కుడుతున్నావు. వాడు నడవాలా వద్దా?” అని, గొంతు తగ్గించి, “బండి ఎప్పుడు కదుల్తుందిట?” అంది.

“ఏ బండి?”

“ఏ బండో నాకేం తెలుసు, ఊరికే అడిగాను,” అని అక్క మళ్ళీ రాగం అందుకుంది.

బాబాయి పుస్తకాలన్నీ నమిలి మింగిన మనిషి సూదమ్మ. ఆవిడ బుర్ర గిర్రున తిరిగింది. అక్క కంగారు పడట్లేదంటే కోటు ఎక్కడుందో అక్కకి తెలుసు. పోతే వెనక గదిలోంచి బాకా మోత వినపడి ఎన్నాళ్ళైంది? కోటు పోయిన రోజు నుంచీ లేదు. అక్క మాటకి బావ జవాబులన్నీ బాకాతోనే. ఒకసారి ఊదితే అవును, రెండుసార్లయితే కాదు, మూడుసార్లయితే కూరలో ఉప్పు లేదు. అలాంటిది నాలుగు పూటల్నించీ భోజనం పళ్ళెం ఖాళీగా వస్తోంది తప్ప ఒక్క కూత లేదు. ఇంకేముంది, దొంగ దొరికాడు. కోటు తీసింది బావ. బావ దేనికి తీస్తాడో, తీస్తే అక్క ఎందుకు ఊరుకుంటుందో మాత్రం అంతుచిక్కలేదు. అదంతా దొంగే చెప్తాడులే అనుకుని సూదమ్మ లేచి వెనక గదికి నడిచింది.

అసలు అక్కాబావల మాట ఎక్కడ తెగిందో చెప్పకుండా మిమ్మల్ని ఆ గదిలోకి తీసుకెళ్ళకూడదు.

బాబాయి ఆఖరి కథ పుస్తకంగా రాలేదు. వారం వారం పత్రికలో వచ్చేది. ఓ సర్కసు యజమాని సింహం బోనులో చచ్చి పడి ఉంటాడు. ఒంటి మీద సింహం గోటి గీత కూడా లేదు. సింహం ఓ మూల ముడుచుకుని వణుకుతోంది. అనుమానం ఇద్దరి మీద, సర్కసు డాక్టరు, సర్కసు వంటవాడు. బాబాయి అందర్నీ, సింహంతో సహా, డేరాలో కూర్చోబెట్టాడు. ఫ్లాస్కు మూత తీశాడు. టీ పోసుకున్నాడు. ఊఁ అనలేదు. ఇన్ని కథల్లో మొట్టమొదటిసారి ఆయన ఒక ప్రశ్న అడగడానికి నోరు తెరిచాడు. అక్కడ ఆ వారం భాగం అయిపోయింది, అక్కడే రాసేవాడి ఊపిరీ అయిపోయింది. ఆ ప్రశ్నేమిటో, ఎవరిని అడగబోయాడో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

ఊరు రెండు ముక్కలైంది. డాక్టరే అన్నవాళ్ళు ఒకవైపు, వంటవాడే అన్నవాళ్ళు ఒకవైపు. మంగలి కొట్టులో రెండు కుర్చీలు కూడా పార్టీల వారీగా పంచుకున్నారు, తెలియక డాక్టరు కుర్చీలో కూర్చున్న వంటవాడి పార్టీవాడు సగం గడ్డంతో ఇంటికొచ్చిన రోజులున్నాయి. అక్కది వంటవాడి పార్టీ, బావది డాక్టరు పార్టీ. ఓ రోజు భోజనాల దగ్గర వాదన ముదిరి ముదిరి, చివరికి బావ ముద్ద నోట్లో పెట్టుకుని, “సరే, వంటవాడే అనుకుందాం. నీ కూర తింటుంటే నాకూ నమ్మకం కుదురుతోంది,” అన్నాడు.

అక్క గరిటె కింద పెట్టింది. “ఇంక నాతో మాట్లాడకండి,” అంది.

పెళ్ళయ్యాక ఆవిడ చెప్పిన మాట ఆయన విన్నది అదొక్కటే. అప్పట్నించీ మాట్లాడలేదు.

ఊళ్ళో ఏ పార్టీలోనూ చేరని మనిషి సూదమ్మకి ఒక్కడే తెలుసు. లైట్లాయన. “డాక్టరా, వంటవాడా?” అని ఎవరడిగినా తన సొట్ట ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ బల్బులవైపు చూసేవాడు.

సూదమ్మ వెళ్ళేసరికి బావ బల్ల ముందు కూర్చుని ఓ బాకా మూతిని గుడ్డతో రుద్దుతున్నాడు. గది నిండా బాకాలే. గోడకి చిన్నవి, దూలానికి పెద్దవి, మూల మనిషంత ఎత్తున పెద్ద బాకా, దాని పక్కన ఓ డోలు. సూదమ్మ ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. వెంట తెచ్చుకున్న గ్లాసులో టీ ఒక గుటక తాగింది.

“ఊఁ,” అంది.

బావ తల ఎత్తి చూశాడు. బాకా పక్కన పెట్టాడు. తన గ్లాసు ముందుకి లాక్కుని ఆయనా ఒక గుటక తాగాడు.

“ఊఁ,” అన్నాడు.

ఇది సూదమ్మ అనుకోలేదు. ఆయనా అవే పుస్తకాలు చదివాడు మరి.

“ఊఁ,” అంది ఇంకాస్త గట్టిగా.

“ఊఁ,” అన్నాడాయన ఇంకాస్త తీరిగ్గా.

ఇద్దరు బాబాయిలు ఎదురెదురుగా కూర్చుంటే కథ ముందుకు నడవదని ఆ పూట తేలిపోయింది. గోడ మీద బల్లి కూడా చూసి చూసి విసుగొచ్చి వెళ్ళిపోయింది. చివరికి బావకి టీ ముందు అయిపోయింది. ఖాళీ గ్లాసుతో బాబాయిగా ఉండటం ఎవరి తరం.

“కోటు నేను తియ్యలేదు మరదలా,” అన్నాడు. “కోటే నా దగ్గరికి వచ్చింది.”

“ఊఁ.”

“ఆపు ఇంక. చెప్తున్నాగా. మొన్న నువ్వు నా పళ్ళెం ఇక్కడ పెట్టి వెళ్ళి కునుకు తీశావు చూడు, అప్పుడు మీ అక్క వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ గడప ఇటువైపు దాటింది అదే మొదలు. ఒంటి మీద ఆ కోటు. చంకలో ఫ్లాస్కు. ఇదిగో, నువ్వు కూర్చున్న స్టూలు మీదే కూర్చుంది. మూతలో టీ పోసుకుంది. ఊఁ అంది.”

సూదమ్మ స్టూలు మీంచి లేచినంత పనైంది. “అక్కా?”

“అక్కే. నా చేతిలో సుత్తి జారి కాలి మీద పడింది, అబ్బా అని కూడా అనలేదు, అంటే మాట్లాడినట్టవుతుందని. టీ తాగింది, వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. రోజూ వస్తోంది. నాకు నిద్ర లేదు.”

“మరి నువ్వేమన్నావు?”

“ఏమంటాను. పెదాలు తెరుస్తాను, గాలొస్తుంది, మాట రాదు. ఇన్నేళ్ళూ ఆవిడ మాటకి ఊదీ ఊదీ ఇవి ఆవిడ ఎదురుగా బాకా లేకపోతే పని చెయ్యట్లేదు.” ఆయన పెదాలు ముట్టుకుని చూసుకున్నాడు. “పోనీ బాకా తీసి ఊదుదామంటే ఆ కోటు ఎదురుగా చేతులు రావట్లేదు. అందుకే మోత మానేశాను.”

“ఇంత దానికి భయమేంటి బావా? కోటే కదా. లోపల ఉన్నది మా అక్కే.”

“నీకు తెలీదు,” అన్నాడు బావ. ఆయన మళ్ళీ గుడ్డ తీసుకుని రుద్దిన బాకానే రుద్దుతూ, “ఆ డిటెక్టివు తెలివిగలవాడని కాదు జనం ఇంకా చదివేది. తెలివిగలవాళ్ళు మన వీధిలోనే బోలెడుమంది, వాళ్ళని చూస్తే తలుపేసుకుంటాం. మనం చెప్పేది చివరిదాకా వినేవాడు ఎవడున్నాడు చెప్పు? నువ్వు సగం చెప్పేసరికి ఎదుటివాడు వాడి సగం మొదలెడతాడు. బాబాయి అలా కాదు, నీ మాట అయ్యేదాకా టీ తాగుతూ కూర్చుంటాడు. దొంగవెధవలు ఊరికే ఒప్పుకుంటారా? పుట్టాక మొదటిసారి ఒకడు వింటున్నాడని ఒప్పుకుంటారు. మీ అక్క అలా కూర్చుంటే నాకు...” అని ఆగిపోయాడు.

“నీకు?”

“నాకు ఆ రోజు కూర గుర్తొస్తోంది. బావుంది ఆ కూర. ఉప్పు కూడా సరిపోయింది.”

సూదమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “అసలు అక్క దేనికోసం వస్తోందంటావు?”

“వంటవాడే అని నా నోటితో అనిపించడానికి. ఇంకేముంటుంది.” బావ కాస్త ఆలోచించాడు. “కాకపోతే నిన్న వెళ్తూ వెళ్తూ ఒక మాటంది. నాతో కాదు. అదిగో, ఆ పెద్ద బాకాతో. ‘నువ్వూ నేనూ మాట్లాడుకుంటే గానీ ఆ పిల్ల కదలదు’ అంది. ఏ పిల్ల అని అడుగుదామంటే నాతో అనలేదాయె. బాకా అడగదాయె.”

సూదమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. ఈ ఇంట్లో, ఆ మాటకొస్తే ఈ లోకంలో, నలభై దాటిన ఆవిడని పిల్ల అనేది ఒక్క అక్కే. అయితే అక్క విన్నదన్నమాట. బల్బు దగ్గర మాట టోపీల వెనకాల నుంచి విన్నది. సూదమ్మ అవునని చెప్పలేక ఎందుకు ఆగిందో కూడా తెలుసుకుంది. తను బండెక్కితే ఈ కొట్టుకీ ఈ గదికీ మధ్య ఎవరు తిరుగుతారు? ఉప్పు లేదని ఎవరు చెప్తారు? ఒంట్లో బాలేకపోతే ఎవరు ఎవరికి చెప్తారు? ఈ దిగుల్ని సూదమ్మ ఎవరికీ చెప్పలేదు. అక్క అడగనూ లేదు. ఊరికే విన్నది.

అంతలో కొట్టువైపు నుంచి చెప్పుల చప్పుడు వినపడింది.

బావ మొహం తెల్లబోయింది. “వచ్చేస్తోంది. ఇవాళ తొందరగా వచ్చేస్తోంది. నువ్వు ఎక్కడికీ పోకు.”

“నేనుంటే నా ద్వారానే మాట్లాడతారు,” అని సూదమ్మ డోలు వెనక్కి దూరి కూర్చుంది.

అక్క వచ్చింది. కోటు ఆవిడకి మోకాళ్ళ కిందిదాకా ఉంది, చేతులు మడిచి పెట్టుకుంది. వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసుకుంది. వీధిలో బండివాళ్ళు ఏదో బరువు దించుతూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. ఆవిడ ఒకసారి అటు చెవి పెట్టింది. టైం లేదని ఆవిడకీ తెలుసు.

“ఊఁ,” అంది.

బావ పెదాలు కదిలాయి. గాలొచ్చింది. మళ్ళీ కదిలాయి.

“వంటవాడే,” అన్నాడు బావ.

సరిగ్గా అదే క్షణంలో, “డాక్టరే,” అంది అక్క.

ఇద్దరూ ఆగిపోయారు.

అక్క దిగ్గున గోడవైపు తిరిగింది. నోరు దాని పాత దారినే పోయింది. “ఒసేయ్ సూదీ, ఎక్కడున్నావే, మీ బావని అడుగు. ఇన్నేళ్ళూ డాక్టరు డాక్టరని నన్ను చంపుకు తిని, నేను సరే డాక్టరే అని దిగొస్తే, ఇప్పుడు వంటవాడంటాడేంటో అడుగు.”



సూదమ్మకి మాట నాలిక చివరిదాకా వచ్చింది. ‘బావా, అక్క అడుగుతోంది’ అని ఎన్ని వేలసార్లు అన్నదో. అది మాట కాదు, అలవాటు, తుమ్ములాంటిది. గుప్పిట నోట్లో కుక్కుకుంది. వేళ్ళ మీద పళ్ళు దిగాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట మాత్రం బయటికి రానివ్వలేదు.

అక్క కాసేపు చూసింది. జవాబు రాకపోయేసరికి మెల్లగా స్టూలు మీదే ఇటు తిరిగింది. ఆయన మొహంలోకి చూసింది.

“మిమ్మల్నే,” అంది. “మిమ్మల్నే అడుగుతున్నాను.”

“నువ్వు వంటవాడని అన్నావనే కదా నేను...” బావ గొంతు తుప్పు పట్టిన బాకాలా పలికింది. “నీ మాటే నిజమని ఒప్పుకుందామని.”

“ఎవరొప్పుకోమన్నారు మిమ్మల్ని? నేను మీ మాట ఒప్పుకుంటున్నాగా.”

“నువ్వెలా ఒప్పుకుంటావు? బోను తాళంచెవి వంటవాడి దగ్గర ఉంటే?”

“ఉంటే ఏం? సింహానికి నిద్రమందు పోసింది డాక్టరు కాదూ? మీరే చెప్పారు కదండీ అప్పుడు, నిద్రమందు లేకుండా సింహం అలా వణకదని.”

“అప్పుడు నాకు బుద్ధి లేదు.”

“ఇప్పుడొచ్చిందా?”

“వంటవాడే అంటున్నాను కదే.”

“డాక్టరండీ బాబూ. ఎన్నిసార్లు చెప్పాలి?”

ఇన్నేళ్ళ వాదనలో ఇద్దరూ పార్టీలు మార్చుకుని మళ్ళీ మొదటికొచ్చారు. గొంతులు లేచాయి. గోడ మీద చిన్న బాకాలు సన్నగా మోగడం మొదలుపెట్టాయి. మధ్యలో అక్క తనకి తెలియకుండానే ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆయనకిచ్చింది, ఆయన తనకి తెలియకుండానే తాగాడు. “చక్కెర తక్కువైంది,” అన్నాడు. “అయితే ఊదండి మూడుసార్లు,” అంది ఆవిడ. ఆయన ఊదలేదు. నోటితో నవ్వాడు.

సూదమ్మ మోకాళ్ళ మీద పాకుతూ డోలు వెనక నుంచి పెరటి తలుపు దాటి బయటికొచ్చి, గోడకి ఆనుకుని ఒక్క నిమిషం నిలబడి మొహం తుడుచుకుంది. లోపలి నుంచి డాక్టరు, వంటవాడు, డాక్టరు, వంటవాడు. అంత మంచి రభస ఆవిడ పుట్టాక వినలేదు. అక్కడ ఇంక తన అవసరం లేదు. ఇంత హాయిగా ఎవరినీ ఎవరూ పంపేసి ఉండరు అనుకుంది.

సందులోంచి వీధిలోకి వచ్చేసరికి బండి నిండిపోయింది. సముద్రం కొస ఒకటి బయటికి వేలాడుతోంది. లైట్లాయన వెనక మెట్టు మీద కూర్చుని ఆఖరి తీగ చుట్టుకుంటున్నాడు, పక్కన సొట్ట ఫ్లాస్కు.

“వస్తాను,” అంది సూదమ్మ. ముందు ఏవేవో అనుకుంది గానీ అదే వచ్చింది. “సూదుల డబ్బా తెచ్చుకుంటాను, వస్తాను.”

ఆయన మొహం నాటకంలో తెర లేచినట్టు వెలిగింది. మళ్ళీ అంతలోనే సగం ఆరింది. కొట్టు వెనక నుంచి ఆ ఇద్దరి గొంతులూ వీధిలోకి వినపడుతున్నాయి.

“అదేంటి, మీ అక్కాబావా మాట్లాడుకుంటున్నారా?”

“పోట్లాడుకుంటున్నారు. అయితే నోటితోనే.”

“దేని గురించి?”

“ఇంకేముంది. డాక్టరా, వంటవాడా.”

లైట్లాయన తీగ కింద పెట్టాడు. బల్బేదీ దొరక్క సూర్యుడి వైపు చూడబోయాడు, కళ్ళు చెదిరి మళ్ళీ ఆవిడ వైపే చూడాల్సి వచ్చింది.

“మీరు బండెక్కేముందు మీకొకటి తెలియాలి సూదమ్మగారూ. తెలిశాక రానంటే నేనేం అనుకోను.”

సూదమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. “పెళ్ళైందా మీకు?”

“అయ్యో, లేదండీ.” ఆయన ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని సొట్ట మీద బొటనవేలితో రాశాడు. “ఇది మా నాన్నది. ఆయనకి మాటలు తక్కువ. మేం పిల్లలం ఏదైనా తప్పు చేసి వస్తే కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఎదురుగా కూర్చుని దీని మూతలో టీ పోసుకుని ఊఁ అనేవాడు. అంతా చెప్పేసేవాళ్ళం. అందరూ పడుకున్నాక కథలు రాసుకునేవాడు.”

సూదమ్మ ఆ ఫ్లాస్కు వైపు చూసింది. ఏటా ఆ ఫ్లాస్కులోంచి తనూ టీ తాగింది. ఏటా ఈయన ఏ పార్టీ కాదని విసుక్కుంది.

“ఆఖరి భాగం రాస్తూ మంచాన పడ్డాడు. బాబాయి అడగబోయిన ప్రశ్న రాయలేదు. నాకు చెప్పాడు,” అన్నాడు లైట్లాయన. “ఎవరిని అడిగాడో, ఏమని అడిగాడో, జవాబేంటో. ఒక్క నాకే.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం మరి ఎవరికీ?”

ఆయన కొట్టువైపు చూపించాడు. లోపల అక్క సింహం తరఫున వాదిస్తోంది, బావ బల్ల గుద్దుతున్నాడు. “ఏ ఊరెళ్ళినా ఇదే పోట్లాట. టీ కొట్టు దగ్గర ఇద్దరు కొట్టుకు చస్తుంటే నేను పక్కన నిలబడి వింటాను. మా నాన్న ఇంకా పక్క గదిలో రాసుకుంటున్నట్టే ఉంటుంది నాకు. జవాబు చెప్పేస్తే, ఓహో అంతేనా అని ఇళ్ళకి వెళ్ళిపోతారు. ఇంక ఎవరు తలుచుకుంటారు?” ఆయన గొంతు సవరించుకున్నాడు. “అలాగని కట్టుకున్న మనిషి దగ్గర దాచి కాపురం చెయ్యలేను. మీరు వస్తానంటే మీకు చెప్పాలి. చెప్తే మీరు ఎవరితోనూ అనకూడదు. ముఖ్యంగా ఆ ఇద్దరితో.”

సూదమ్మ కొట్టువైపు చూసింది. జీవితంలో విన్న ప్రతి మాటా ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి మోసిన నోరు తనది. ఒక్క మాట దాచడానికే ఇందాక వేళ్ళు కొరుక్కోవాల్సి వచ్చింది, ఇంకా మండుతున్నాయి. ఇది ఎన్నేళ్ళు దాచాలి? దాచలేకపోతే, ఇప్పుడిప్పుడే మొదలైన ఆ కేకలు ఏమవుతాయి? ఉత్తరంలో జారినా, పండక్కి వచ్చినప్పుడు నోరు జారినా, మళ్ళీ ఆ ఇంట్లో బాకాలు తప్ప ఏం మిగలవు.

బండి డ్రైవరు హారన్ కొట్టాడు. లోపల అక్క ఎందుకో పెద్దగా నవ్వింది.

సూదమ్మ మెట్టు మీద, లైట్లాయన పక్కన, కాస్త ఎడంగా కూర్చుంది. ఫ్లాస్కు ఆయన చేతుల్లోంచి తీసుకుని మూత తిప్పింది. మూతలో టీ పోసుకుంది. ఒక గుటక తాగింది. చక్కెర సరిపోయింది.

“ఊఁ,” అంది.

లైట్లాయన నోరు తెరిచాడు.